అమ్మకు చదివి వినిపించిన పేజీ

మీ ఇంట్లో పదహారేళ్ళ పిల్ల ఉండి, ఈమధ్య గొడవ చేయడం మానేసిందని, ఏం చెప్పినా తలూపి ఊరుకుంటోందని మీరు మురిసిపోతుంటే, కాస్త ఇలా కూర్చోండి. మీతో పని ఉంది. నేను డాక్టరును కాను, పాఠాలు చెప్పేదాన్నీ కాను. ఒకప్పుడు ఆ పిల్లను. ఇప్పుడు బాగానే ఉన్నాను. బాగానే అంటే, పొద్దున లేస్తున్నాను, తింటున్నాను, మావాళ్ళతో పోట్లాడుతున్నాను. నాకు పోట్లాట తిరిగి వచ్చాకే మా అమ్మ కాస్త ఊపిరి పీల్చుకుంది.

2006, జూన్ నుంచి దసరా దాకా

మాది సాదలి, కర్ణాటకలో తెలుగు మాట్లాడే ఊరు. మల్బరీ తోట, పట్టుపురుగుల పెంపకం. ఇంట్లో నాయన, అమ్మ, నాయనను కన్న అవ్వ, నేను. పదో తరగతి ఎస్సెల్సీ కన్నడ మీడియంలో చదివి మా స్కూల్లో మొదట వచ్చాను. హెడ్మాస్టరు నలుగురి ముందూ శాలువా కప్పాడు. ఆ శాలువా కప్పించుకున్న పాపానికి పీయూసీలో, అంటే ఇంటర్లో, సైన్సు తీసుకోవాల్సి వచ్చింది. రోజూ పొద్దున్నే బస్సెక్కి చింతామణికి పోవాలి. అక్కడ అంతా ఇంగ్లిషు. మొదటి రోజు ఫిజిక్సు లెక్చరరు గంటసేపు ఆపకుండా మాట్లాడాడు. అందులో నాకు అర్థమైంది 'ఓకే' ఒక్కటే.

కన్నడలో నాకు కొట్టినపిండి అయిన పాఠాలే అవి. ఇంగ్లిషులో ఎదురుపడితే ముఖం తిప్పుకుని పోయేవి. చేయెత్తి అడిగితే వెనక బెంచీలో నవ్వు. ఒకసారి అడిగాను, రెండోసారి అడిగాను, తర్వాత అడగడం మానేశాను. మొదటి టెస్టులో తప్పాను. జీవితంలో తప్పడం అదే మొదలు. ఇంటికి వచ్చి చెబితే నాయన "పోనీలేమ్మా, వచ్చే పరీక్షలో చూసుకుందువు" అన్నాడు. తిట్టినా బాగుండేది.

ఆ తర్వాత ఏమైందో ఇదీ అని చెప్పలేను. ఒక్కరోజులో వచ్చింది కాదు. నిద్రపోయి లేచినా అలసటే. అన్నం నోట్లో పెట్టుకుంటే మట్టి నమిలినట్టుండేది. జడ వేసుకోవాలంటే చెయ్యి లేచేది కాదు. బస్సులో పక్కన కూర్చున్న స్నేహితురాలు ఏదో చెబుతుంటే పెదాలు కదలడం కనిపించేది, మాట లోపలికి దిగేది కాదు. ఏడుపన్నా వస్తే బాగుండు అనుకునేదాన్ని. ముదనష్టపు ఏడుపు, అవసరమైనప్పుడు అదీ రాలేదు.

2006, దసరా తర్వాత

కాలేజీకి పోవడం తగ్గింది. కడుపునొప్పి అని ఒకరోజు, తలనొప్పి అని ఒకరోజు. గోడవైపు తిరిగి పడుకునేదాన్ని. ఇంట్లోవాళ్ళు ఏంచేశారో చెప్పాలంటే ముందు పురుగుల సంగతి కొంచెం చెప్పాలి.

పట్టుపురుగు పెరిగేటప్పుడు నాలుగుసార్లు పొర విడుస్తుంది. దానికి ముందు మేత మానేసి, తల పైకెత్తి, రాయిలా కదలకుండా ఉండిపోతుంది. పురుగుకు జ్వరం వచ్చిందంటారు మా వైపు. అప్పుడు ఆకు వేయకూడదు, తట్ట కదిలించకూడదు. మా ఇంట్లోనైతే గట్టిగా మాట్లాడటం కూడా ఉండదు. కంగారుపడి కదిలించామా, పంట పోయినట్టే. వదిలేస్తే పొర విడుచుకుని అదే లేస్తుంది, ఆకలితో లేస్తుంది. ఇది మా ఇంట్లో నడక రాకముందే నేర్పే సంగతి.

నేను గోడవైపు తిరిగి పడుకుంటే మా అవ్వ వచ్చి కాసేపు నిలబడి చూసింది. తర్వాత వసారాలోకి పోయి అమ్మతో, నాయనతో అన్న మాటలు నాకు వినబడలేదు. ఆ మరుసటి రోజు నుంచి ఇంటి తీరు మారిపోయింది. నాయన గొంతు తగ్గింది. అమ్మ గిన్నెలు చప్పుడు కాకుండా కడిగేది. నా గది అని ఒకటి లేదు, పురుగులింటి పక్కన మూల నాది. అక్కడికి ఎవ్వరూ వచ్చేవాళ్ళు కాదు. కంచంలో అన్నం పెట్టి గడప దగ్గర ఉంచేది అమ్మ. కాసేపటికి వచ్చి తీసుకుపోయేది. తిన్నావా అని అడిగేది కాదు. కాలేజీకి ఎందుకు పోలేదని అడిగేది కాదు. చుట్టాలెవరైనా వస్తే వాకిట్లోనే మాట్లాడి పంపించేవాళ్ళు.

నాకేం తెలుసు వాళ్ళ మనసులో ఏముందో! సరే, వీళ్ళు నన్ను వదిలేసుకున్నారు అనుకున్నాను. వీళ్ళకు నాతో పని తీరిపోయింది. నేను లేకపోతే ఈ కంచం పెట్టడం, తీయడం కూడా తప్పుతుంది కదా. ఆ ఆలోచన మొదట బస్సులో ఎవరో పరాయివాళ్ళు అన్న మాటలా అనిపించింది. ఉండగా ఉండగా అది నా గొంతుతోనే మాట్లాడసాగింది.

2007, జనవరి

హాజరు తక్కువైందని కాలేజీకి పిలిపించారు. ఇంగ్లిషు మేడం నన్ను వరండాలోకి తీసుకుపోయింది. చిక్కబళ్ళాపురం మనిషి, క్లాసులో ఇంగ్లిషు, వరండాలో మన తెలుగు. "యేమ్మా శైలజా, ముఖమెందుకట్లుండాది? ఇంట్లో యెవురన్నా కొడతాండారా?" అని అడిగింది. లేదన్నాను. "మరి యెవురన్నా మాట్లాడతాండారా?" అంది.

ఆమె స్నేహితురాలు బెంగుళూరులో మనోవైద్యుల దగ్గర పనిచేసేదట. వాళ్ళు కాలేజీ పిల్లల కోసం ఇంటర్నెట్టులో ఒక పాఠాల వరస పెట్టారు. ఎక్కడో బయటి దేశంలో తయారైంది. దిగులు బాగా ముదరకముందే, అది జబ్బుగా మారకుండా, పిల్లలు తమంతట తాము చదువుకుని చేసుకునేది. వారానికొక పాఠం. మా కాలేజీలో కొందరిని మేడమే ఎంచుకుంది. శనివారం మధ్యాహ్నం చింతామణి బస్టాండు పక్కన మేడమీది బ్రౌజింగ్ సెంటర్లో కూర్చుని చదవాలి.

ఆ పాఠాల్లో ఒక బొమ్మ అమ్మాయి ఉండేది. తల్లి తన గది తలుపు తట్టకుండా లోపలికి వస్తుందని ఆమెకు బాధ. ఓసి నీ! మా ఇంట్లో తలుపున్న గది పురుగులదమ్మా, నాది కాదు. మనసు బాగాలేనప్పుడు ఈతకు వెళ్ళమని, కేకు చేసుకోమని, కుక్కను తిప్పుకురమ్మని రాసి ఉండేది. ఒంటరిగా స్క్రీను ముందు కూర్చుని నవ్వాను. నెలల తర్వాత నవ్వడం అదే. అందుకైనా ఆ పాఠానికి దణ్ణం పెట్టాలి.

వెటకారం పక్కన పెడితే, కొన్ని పనికొచ్చాయి. ఒక ఆలోచన వస్తే దాన్ని ఆపి, 'ఇది నిజమేనా, ఎవరు చెప్పారు నీకు' అని అడగమనేవాళ్ళు. వెనక బెంచీ వాళ్ళంతా నన్నే చూసి నవ్వుతున్నారని అనుకునేదాన్ని కదా. ఒకరోజు వెనక్కి తిరిగి చూశాను. వాళ్ళు కిటికీలోంచి లోపలికొచ్చిన కోతిని చూసి నవ్వుతున్నారు. అలాంటి చిన్న చిన్నవి తేలికపడ్డాయి. కానీ నా గొంతుతో మాట్లాడే ఆ పెద్ద ఆలోచన ఉంది చూశారూ, దాన్ని నేను ఏ పాఠంలోనూ బయటపెట్టలేదు. బయటపెడితే అది నిజమైపోతుందని భయం.

2007, ఫిబ్రవరి

చివరి పాఠాల్లో ఒకటి తల్లిదండ్రుల కోసం. ఇంగ్లిషు వచ్చినవాళ్ళు వాళ్ళే చదువుకుంటారు. మా అమ్మకు కన్నడ అక్షరాలు వస్తాయి, అంతే. దాటేద్దామనుకున్నాను. మేడం ఒప్పుకోలేదు. "మీ అమ్మని పిలుచుకొని రా. నువ్వే చదివి చెప్పల్ల" అంది.

తట్టల్లో పరిచేందుకు పాత పేపర్లు కొనడానికి అమ్మ ఆ శనివారం చింతామణికి వచ్చింది. పేపర్ల కట్ట ఒళ్ళో పెట్టుకుని, కుర్చీ అంచున కూర్చుంది. స్క్రీను వైపు అనుమానంగా చూసి, "ఇది మనల్ని చూస్తాందా?" అంది.

"లేదమ్మా. టీవీ లాంటిదే."

"అయితే చదువు."

మీ పిల్లల్లో ఈ మార్పులు గమనించారా అని ఉంది. నేను ఒక్కొక్కటీ తెలుగులో చెప్పాను. ఎక్కువగా పడుకోవడం.

"ఊఁ, చూసినా," అంది అమ్మ.

తిండి తగ్గడం.

"చూసినా."

స్నేహితులతో మాట్లాడకపోవడం. ఇష్టమైనవి మానేయడం. తనను తాను తక్కువ చేసుకుని మాట్లాడటం. అన్నిటికీ అదే జవాబు, బడిలో హాజరు పలికినట్టు. "చూసినా. చూసినా." నా చెవులను నమ్మబుద్ధి కాలేదు. ఇన్నాళ్ళూ వీళ్ళ కళ్ళకు నేను ఆనడం లేదనుకుంటున్నాను.

చూసినప్పుడు మీరేం చేశారు అనేది తర్వాతి ప్రశ్న.

"యేమి చేస్తిమి? సుమ్మనే ఊరకుంటిమి." అమ్మ పేపర్ల కట్ట మీద తాడు సవరించుకుంది. "మీ అవ్వ చెప్పె. జ్వరానికి కూర్చున్నెప్పుడు కదిలిస్తే పాడైపోతాది, బిడ్డని ఇడిచిపెట్టండి, లేస్తే అదే తింటాది అని. పలకరించాలని నోటి దాకా వచ్చేది పాపా. నోరు మూసుకుంటాంటి. కంచం తీసేటప్పుడు చూస్తాంటి, నిన్నటికన్నా రెండు ముద్దలు యెక్కువ తినిందా అని. మీ నాయన యెదురుచూస్తాండె కదా వసారాలో. తినిందని నేను తలూపితే పండుకుంటాండె, లేకుంటే లేదు."

ఇంత ప్రేమ చప్పుడు చేయకుండా తిరుగుతుంటే, నేను దాన్నేమనుకున్నానో చూడండి.

ఆ పేజీ అక్కడితో అయిపోతే నేనిది రాసేదాన్నే కాదు. కిందికి జరిపాను. అక్కడ వేరే రంగులో ఒక పెట్టె. బతకాలని లేదని మీ బిడ్డ ఎప్పుడైనా అనుకుంటోందా? తెలియకపోతే అడగండి. అడిగినందువల్ల లేని ఆలోచన పుట్టదు. సూటిగా, ఆ మాటే వాడి అడగండి.

నేను ఆగిపోయాను.

"యేమి రాసిండాది?" అంది అమ్మ.

"ఏమీ లేదు. పండ్లు తినమని."

అమ్మ స్క్రీను చూడలేదు. మౌసు మీద ఉన్న నా చెయ్యి చూసింది. "పండ్లు తినమనేదానికి చెయ్యెందుకు వణుకుతాంది?"

సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. యూపీఎస్ కీచుకీచుమని అరవడం మొదలుపెట్టింది. హమ్మయ్య, బతికిపోయాను అనుకున్నాను. సెంటరు నడిపే అన్న తలుపు దగ్గర నుంచి మమ్మల్ని చూశాడు. నా ముఖంలో ఏం కనిపించిందో, అమ్మ ముఖంలో ఏం కనిపించిందో. మిగతా కంప్యూటర్ల వాళ్ళతో "లేయండప్పా, మల్లా కూర్చుందురు" అని చెప్పి అన్నీ ఆపేశాడు, తనదీ ఆపేశాడు. మాది ఒక్కటే వెలుగుతోంది. "మీరు చదువుకోండమ్మా, బ్యాటరీ ఇంకొంచిము సేపు వస్తాది" అని బయటికి పోయి మెట్ల మీద కూర్చున్నాడు. ఆయనకు నా గురించి ఏమీ తెలియదు. ఆయన్ను ఆ క్షణంలో తిట్టుకున్నంతగా ఎవరినీ తిట్టుకోలేదు. ఆ తర్వాత తలుచుకున్నంతగానూ ఎవరినీ తలుచుకోలేదు.

"చదువు," అంది అమ్మ.

చదివాను. ఉన్నది ఉన్నట్టు తెలుగులో చెప్పాను. చెప్పాక తల వంచుకున్నాను.

అమ్మ పేపర్ల కట్ట తీసి కింద పెట్టింది. "అయితే అడుగుతాండా. పాపా, చచ్చిపోవాలనుకుంటాండావా?"

అంత మామూలుగా అడిగింది. రేపు కాలేజీ ఉండాదా అన్నట్టు.

"అనుకుంటాండా," అన్నాను.

అంటూనే ఆ నెలలన్నిటి ఏడుపూ ఒక్కసారిగా వచ్చింది. అమ్మ ఏడవలేదు, తిట్టలేదు, మేమేం తక్కువ చేశామని అడగలేదు. ఒక చెయ్యి నా వీపు మీద వేసి, రెండో చేత్తో స్క్రీను చూపించింది. "కిందేమి రాసిండాదో చదువు. నిలపొద్దు."

ముక్కు చీదుకుంటూ చదివాను. కోప్పడకండి. నీతులు చెప్పకండి. ఒంటరిగా వదలకండి. డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి.

"ఇంకా?"

"అంతేనమ్మా."

"మల్లా మొదట్నించి చదువు. నాకు మనసులో నిలవల్ల."

రెండోసారి సగంలో యూపీఎస్ ఆగిపోయింది. సాదలి దాకా బస్సులో అమ్మ నా మణికట్టు వదల్లేదు. సంతలో కొన్న దూడ తాడు పట్టుకున్నట్టు పట్టుకుని కూర్చుంది. పేపర్ల కట్ట చింతామణిలోనే మరిచిపోయాం.

2007, వేసవి

బెంగుళూరు పెద్దాసుపత్రి. నాకు డాక్టరు గది అంతగా గుర్తులేదు. బయటి బెంచీలే గుర్తు. గోడకు ఆనుకుని పొడుగ్గా బెంచీలు, వాటి నిండా ఒకరినొకరు చూసుకోకుండా కూర్చున్న మనుషులు. నాయన చేతిరుమాలు ముఖానికి అడ్డం పెట్టుకునేవాడు, మనవైపు వాళ్ళెవరైనా గుర్తుపడతారేమోనని. చివరికి నిజంగానే ఒకామె గుర్తుపట్టింది. బాగేపల్లి నుంచి తమ్ముడిని తెచ్చింది. మా మాట విని "మీరూ మనవైపోళ్ళేనా?" అని చిత్రాన్నం డబ్బా తెరిచి మా మధ్య పెట్టింది. నాయన రుమాలు జేబులో పెట్టేసి తిన్నాడు.

డాక్టరమ్మ నా పాఠాల సంగతి శ్రద్ధగా వింది. "మంచివే. కానీ అవి జబ్బు రాకుండా చూసుకోవడానికి. నీకు వచ్చేసింది. ముందు ఇది తగ్గనీ, తర్వాత మళ్ళీ చదువుకో, అప్పుడు బాగా పనికొస్తాయి" అంది. ఆ మాట మీకూ చెబుతున్నాను. కంప్యూటరులో పాఠం చదువుతోంది కదా, ఇక బిడ్డకేం కాదు అని నిశ్చింతగా ఉండకండి. ఆ పాఠం నాకు చేసిన పెద్ద మేలు మా అమ్మ చేత ఒక ప్రశ్న అడిగించడం.

ఇంట్లో అంతా సర్దుకుందనుకుంటే పొరపాటు. ఊళ్ళో తెలిస్తే బాగుండదని నాయన కామెర్లు అని చెప్పించాడు. ఇక చూడండి నా తిప్పలు. ఎవరు వచ్చినా పసరుమందు, పథ్యం. నూనె లేదు, కారం లేదు, ఉప్పు లేదు. అమ్మ చాటుగా ఊరగాయ తెచ్చి పెట్టేది. మాత్రలు వేసుకున్న మొదటి వారాలు తల మొద్దుబారి, నాకేమీ తగ్గడం లేదని ఒకరోజు కంచం విసిరేశాను. నాయన అమ్మ మీద అరిచాడు, "నువ్వు ఆ కంప్యూటరు కాడికి పోకుండా ఉండుంటే!" అమ్మ "పోకుండా ఉండుంటే ఈపొద్దు కంచం ఇసిరేసేదానికి బిడ్డ యాడుండు?" అంది. నాయన మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

అవ్వ మాత్రం చాలారోజులు నా ముఖం చూడలేకపోయింది. ఒకరోజు చేటలో వేరుసెనక్కాయలు పోసుకుని వచ్చి నా పక్కన చతికిలబడింది. "మాట్లాడల్లంట కదా. అందుకే వచ్చినా," అని మొదలుపెట్టింది. తన పెళ్ళినాటి ఎద్దులబండి దగ్గర నుంచి తోటికోడలు చేసిన ద్రోహం దాకా, పొద్దు గుంకేదాకా చెప్పింది. మరుసటి రోజూ వచ్చింది. ఆ మరుసటి రోజు "చాలు తల్లీ, కొంచెం సేపు ఊరుకో" అని నేనే వేడుకున్నాను. "కుదర్దు," అంది అవ్వ.

2009

ఒక ఏడాది పోగొట్టుకుని, సైన్సు వదిలేసి, పీయూసీ గట్టెక్కి డిగ్రీకి బెంగుళూరు వచ్చాను. డాక్టరమ్మ మెల్లమెల్లగా మాత్రలు తగ్గించి ఆపింది. హాస్టల్లో ఉండేదాన్ని. రోజూ పొద్దున అమ్మ ఫోను.

"తిన్నావా?"

"తిన్నా."

"చచ్చిపోవాలని యేమన్నా అనిపిస్తాందా?"

"లేదమ్మా."

"సరే, పెట్టేస్తా."

ఊపిరి తిప్పుకోకుండా రెండు ప్రశ్నలూ ఒక్కటిగానే అడిగేది. ఎవరున్నా అడిగేది. పెళ్ళిపందిట్లో నుంచి అడిగింది, రేషన్ క్యూలో నుంచి అడిగింది. ఒకసారి స్పీకరులో నా గది అమ్మాయిలు విని బిత్తరపోయారు. సిగ్గుతో నాకు ఒళ్ళు మండేది. "అమ్మా, ఇంక ఆపవే" అని అరిచాను. "లేదని చెప్పు, ఆపుతా" అంది. చెప్పాను. మరుసటి రోజు మళ్ళీ అడిగింది.

ఆ ఏడాది చివర్లో ఆ జబ్బు మళ్ళీ వచ్చింది. ఏ కారణం లేదు. తప్పిన పరీక్ష లేదు, నవ్విన బెంచీ లేదు. ఈసారి నాకు గుర్తుపట్టడం తెలుసు, అలసటను, మట్టి రుచిని. తెలిసీ ఎవరికీ చెప్పలేదు. గది అమ్మాయిలంతా కాలేజీకి పోయిన ఒక పొద్దున, నేను దుప్పటి కప్పుకుని పడుకుని ఉండగా ఫోను మోగింది.

"తిన్నావా?"

"తిన్నా." అబద్ధం.

"చచ్చిపోవాలని యేమన్నా అనిపిస్తాందా?"

రోజూ అనే మాటే కదా, అనడానికి నోరు తెరిచాను. రాలేదు. ఆ మాట అన్నిసార్లు నిజంగా చెప్పి ఉన్నానేమో, అబద్ధంగా చెప్పడానికి నాలుక తిరగలేదు.

"అనిపిస్తాందమ్మా."

అవతల చెప్పుల చప్పుడు. "సరే. కిందికి పోయి వార్డెనమ్మ పక్కన కూర్చో. నేను వస్తాండా. ఫోను పెట్టొద్దు."

వార్డెను పక్కన కూర్చున్నాను. అమ్మ మాట్లాడుతూనే బస్సెక్కింది. సీటు దొరికిందని చెప్పింది. పక్కనున్నాయన నిద్రపోయి మీద పడుతున్నాడని చెప్పింది. శిడ్లఘట్ట వచ్చింది, బస్సు మారుతున్నానని చెప్పింది. లైను తెగిపోతే మళ్ళీ చేసి, ఎక్కడ ఆపిందో అక్కడినుంచి అందుకునేది. దేవనహళ్ళి దగ్గర కండక్టరుతో తగువు పడటం మొత్తం విన్నాను. మధ్యమధ్య "ఉండావా?" అనేది. "ఉండా" అనేదాన్ని. అంతకన్నా నా దగ్గర మాటలు లేవు, ఆమె అడగనూ లేదు. బస్సులో అందరూ వింటున్నారేమో అన్నాను ఒకసారి. "విననీ," అంది.

హాస్టలు గేటు చప్పుడైంది. వార్డెను లేచి తలుపు తీసింది. ఎదురుగా అమ్మ, జుట్టంతా రేగిపోయి, ఫోను ఇంకా చెవి దగ్గరే పెట్టుకుని ఉంది. నన్ను చూసింది. చూసి కూడా, ఫోనులోనే అడిగింది.

"ఇప్పుడు నిజం చెప్పు. తిన్నావా?"